నెట్ పోయినప్పుడు ఎర్ర లైటు వెలిగిందా మాస్టారూ?

ప్రశ్న: మాది కావలి. నేను రిటైరైన లెక్కల మాస్టారిని. ఇంట్లో ఫైబర్ నెట్ పెట్టించి రెండేళ్లు దాటింది. పెట్టె కింద హాల్లో టీవీ పక్కన ఉంది. మా కోడలు మేడ మీద గదిలో కూర్చుని బెంగళూరు కంపెనీకి పని చేస్తుంది. పైకి సిగ్నల్ సరిగా అందడం లేదని, ఇంటర్ చదివే మా మనవడు పాత రూటరు ఒకటి వైరు లాగి అక్కడ పెట్టాడు. మూడు నెలలుగా రోజుకు నాలుగైదు సార్లు నెట్ పోతోంది. ఫోన్లో వైఫై గీతలు నిండుగానే ఉంటాయి, ఏదీ తెరుచుకోదు. ఒక్కోసారి పెట్టె మీద ఎర్ర లైటు వెలుగుతుంది, ఒక్కోసారి వెలగదు. సాయంత్రం పూట, వాన పడ్డప్పుడు ఎక్కువ. లైన్‌మన్ మూడుసార్లు వచ్చాడు. ఆఫ్ చేసి ఆన్ చేస్తాడు, నెట్ వస్తుంది, వెళ్లిపోతాడు. “లైన్ బాగానే ఉండాది సార్, మీ రూటరే పోయింది” అంటాడు. ట్రంకురోడ్డులో షాపువాళ్లు రెండువేల ఐదొందల రూటరు చూపించారు. కొనమంటారా?

సమాధానం: మాస్టారూ, నమస్కారం. కొనకండి. కనీసం ఇంకో పదిహేను రోజులు ఆ షాపు వైపు వెళ్లకండి.

లైన్‌మన్ అడగని మాట, షాపువాళ్లు అడగని మాట ఒకటి మీ ఉత్తరంలోనే ఉంది. ఎర్ర లైటు ఒక్కోసారి వెలుగుతుంది, ఒక్కోసారి వెలగదు అని రాశారు చూడండి, నా అనుమానమంతా అక్కడే. మీ ఇంట్లో ఉన్నది ఒక జబ్బు కాదు, రెండు. మూడైనా ఆశ్చర్యం లేదు. పైకి కనిపించేది మాత్రం ఒకటే, నెట్ పోవడం. అందుకే ఎవరు ఏం చేసినా పూటకు తగ్గినట్టే ఉండి మళ్లీ తిరగబెడుతోంది.

ముందు ఆ గీతల సంగతి. ఫోన్లో వైఫై గీతలు నిండుగా ఉంటే నెట్ బాగున్నట్టే అని చాలామంది అనుకుంటారు. ఆ గీతలు చెప్పేది మీ ఫోన్‌కూ హాల్లోని పెట్టెకూ మధ్య ఉన్న పది, పదిహేను అడుగుల సంగతే. పెట్టె దగ్గర్నుంచి వీధి స్తంభం దాకా, అక్కడి నుంచి ఊరి అవతలి దాకా ఏం జరుగుతోందో వాటికి తెలీదు. కుళాయి మెరుస్తోందని ట్యాంకులో నీళ్లున్నట్టు కాదు కదా.

ఇప్పుడు మీరు చెయ్యాల్సిన పని ఒక్కటే. పాత నోటుబుక్కు ఒకటి తీసి పెట్టె పక్కన పెట్టండి, పెన్ను దారంతో కట్టండి, లేకపోతే మనవడు పట్టుకుపోతాడు. నెట్ పోయిన ప్రతిసారీ ఇంట్లో ఎవరుంటే వాళ్లు టైము రాయాలి. ఆ నిమిషంలో పెట్టె మీద ఏ లైట్లు ఉన్నాయో రాయాలి. పోయింది కిందా, పైనా, రెండు చోట్లా అన్నది రాయాలి. దానంతట అదే ఎన్ని నిమిషాలకు వచ్చింది, ఆ సమయంలో ఇంట్లో ఏం జరుగుతోంది, వానా, మోటారు వేశారా, కరెంటు పోయి వచ్చిందా, ఇవి కూడా. వారం రోజులు ఏదీ ముట్టుకోకుండా, ఆఫ్ చేసి ఆన్ చెయ్యకుండా ఇది రాయండి. ఆఫ్ చేసి ఆన్ చేస్తే ఆధారం మాయమైపోతుంది. లైన్‌మన్ మూడుసార్లు వచ్చి మూడుసార్లూ చేసింది అదే.

లైట్లు ఎలా చూడాలో చెబుతాను. పెట్టె మీద చిన్న ఇంగ్లీషు అక్షరాలుంటాయి. పి-ఓ-ఎన్ అని ఉన్న లైటు కదలకుండా పచ్చగా వెలుగుతుంటే ఫైబర్‌లో వెలుతురు వస్తోంది, అవతలి యంత్రం మీ పెట్టెను గుర్తుపట్టింది అని. ఎల్-ఓ-ఎస్ అని ఉన్నది మామూలుగా ఆరిపోయి ఉంటుంది. అది ఎర్రగా వెలిగినా, మిణుకుమన్నా వెలుతురు అందడం లేదని అర్థం. లైన్‌మన్లు దాన్ని ‘లాస్ లైటు’ అంటారు. ఇంకోటి ఇంటర్నెట్ లైటు. పి-ఓ-ఎన్ పచ్చగా ఉండి ఇంటర్నెట్ లైటు మాత్రం లేకపోతే, దారి బాగానే ఉంది, అవతల మీ యూజర్ నేమ్, పాస్‌వర్డ్ ఒప్పుకోవడం లేదేమో. రీచార్జ్ తేదీ దాటిందేమో చూసుకుని, లేదంటే కంపెనీకి ఫోన్ చెయ్యడమే.

ఎర్ర లైటు వెలిగిన రోజుల సంగతి ముందు చూద్దాం. అది వెలిగిందంటే మీ రూటరుకూ, షాపువాడి రూటరుకూ సంబంధం లేదు. అది వైరు జబ్బు. స్తంభం మీద నుంచి మీ ఇంట్లోకి వచ్చే ఆ నల్ల వైరులో ఉన్నది అద్దం దారం. మందం మిల్లీమీటరులో ఎనిమిదో వంతు. వెలుతురు నడిచేది దాని నడుమ 9 మైక్రాన్ల దారిలో. అలాంటి దాన్ని కిటికీ తలుపు సందులోంచి లాగి, మేకుకు చుట్టి, టీవీ వెనక కుక్కి పెడతాం. మరీ చిన్న వంపు తిరిగితే అందులోంచి వెలుతురు బయటికి కారిపోతుంది. వైరు తెగదు, తెగితే నయం, వెంటనే తెలిసిపోతుంది. సగం కారి సగం వస్తుంటుంది. గాలి వచ్చి వైరు ఊగినప్పుడు ఆ సగమూ పోతుంది.

మేడ మీదకు వెళ్లి ఆ వైరు వెంట ఒకసారి నడవండి. తాడు చాలక ఫైబర్ వైరు మీద తడి పంచెలు, దుప్పట్లు ఆరేసిన ఇళ్లు నేను చాలా చూశాను. ఒకచోటైతే క్లిప్పులు కూడా పెట్టారు. ఆదివారం ఆదివారం నెట్ పోతోందని వాళ్ల బాధ, ఆదివారమే వాళ్లింట్లో దుప్పట్లు ఉతికేది. పిట్టగోడ అంచు మీద వైరు ఒరుసుకుంటోందా, ఉడతలు కొరికిన గుర్తులున్నాయా, కిటికీ రెక్క వేసినప్పుడు నలుగుతోందా చూడండి. కిటికీ! సాయంత్రం దోమలని కిటికీలు మూసేస్తాం కదా. మీ సాయంత్రం కథలో కొంత భాగం అదే అయ్యుండొచ్చు.

వానలో ఎక్కువ అన్నారు. స్తంభం మీద వైర్లు కలిపిన చిన్న జాయింటు పెట్టె ఉంటుంది. దాని మూత సరిగా మూయకపోతే నీళ్లు లోపలికి దిగుతాయి. మీ నెల్లూరు జిల్లాకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలవే కాబట్టి, వేసవిలో బాగా పనిచేసిన జాయింటు కార్తీకంలో మొరాయించడం వింతేం కాదు. అది ఎక్కి చూడాల్సింది లైన్‌మనే. మీరు ఎక్కకండి, మనవణ్ణి ఎక్కించకండి, అదే స్తంభం మీద కరెంటు తీగలూ ఉంటాయి. ఇంకో మాట, పెట్టెలోకి దూర్చిన పచ్చ మూతి పిన్ను పీకి లోపలికి తొంగిచూడొద్దు. అందులో వచ్చే వెలుతురు కంటికి కనిపించని లేజర్. కనిపించదు కాబట్టి ఏమీ లేదనుకుంటాం.

వెలుతురు ఎంత వస్తోందో మీరే చూసుకునే మార్గం కూడా ఉంది. పెట్టె వెనక స్టిక్కర్ మీద 192.168.1.1 లాంటి నంబరు ఉంటుంది. ఇంటి వైఫైలో ఉండి ఫోన్ బ్రౌజరులో ఆ నంబరు కొట్టి, స్టిక్కర్ మీద ఉన్న పాస్‌వర్డ్ ఇస్తే పెట్టె పేజీ తెరుచుకుంటుంది. చాలా పెట్టెల్లో ఆప్టికల్ అనే చోట ‘ఆర్ఎక్స్ పవర్’ అని ఒక అంకె చూపిస్తుంది. మైనస్ 8 నుంచి మైనస్ 27 డీబీఎం మధ్య ఉండాలి. మైనస్ లెక్కలు మీకు నేను చెప్పడం హనుమంతుడి ముందు కుప్పిగంతులే గానీ, మైనస్ 20 కన్నా మైనస్ 26 బలహీనం. ఇది లాగరిథమ్ స్కేలు, 3 తగ్గిన ప్రతిసారీ వెలుతురు సగం అవుతుంది, 10 తగ్గితే పదో వంతు. మామూలు రోజున మైనస్ 21 ఉండి వానరోజున మైనస్ 27 చూపిస్తే లైన్‌మన్‌తో వాదన అక్కర్లేదు, ఆ రెండు అంకెలు చూపిస్తే చాలు.

ఇక ఎర్ర లైటు వెలగని రోజులు. ఇక్కడ రెండు దారులున్నాయి.

మొదటిది: లైట్లన్నీ ఒక్క క్షణం ఆరిపోయి మళ్లీ ఒక్కొక్కటే వెలగడం. ఇది పట్టుకోవడం కష్టం, ఎందుకంటే ఆ క్షణంలో ఎవరూ పెట్టె వంక చూడరు. నా సొంత అనుభవం చెబుతాను. మూడేళ్ల కిందట ఒంగోల్లో మా ఇంట్లో పొద్దున ఆరున్నరకు, సాయంత్రం ఏడుకు టంచనుగా నెట్ పోయేది. కంపెనీకి ఫోన్ చేస్తే లైన్ క్లియర్‌గా ఉందన్నారు. నాకు కోపం వచ్చి 2,200 పెట్టి కొత్త రూటరు కొనుక్కొచ్చి కంపెనీ పెట్టెకు తగిలించాను. మర్నాడు ఆరున్నరకు మళ్లీ పోయింది. టెన్షన్‌తో అవతలి వాళ్లను నానా మాటలూ అన్నాను. ఒకరోజు సాయంత్రం హాల్లో పెట్టెకు ఎదురుగా కూర్చుని ఉప్మా తింటున్నా. అమ్మ పెరట్లో బోరు మోటారు స్విచ్ వేసింది. ట్యూబులైటు ఒక్కసారి గుడ్డిగా అయ్యి తేరుకుంది. అదే క్షణంలో పెట్టె మీద లైట్లన్నీ పుటుక్కున ఆరిపోయాయి. ముందు పవర్ లైటు వెలిగింది, తర్వాత పి-ఓ-ఎన్ కాసేపు మిణుకుమిణుకుమని నిలబడింది, ఇంటర్నెట్ లైటు వచ్చేసరికి రెండున్నర నిమిషాలు. అప్పటికి ఉప్మా చల్లారిపోయింది.

తప్పు మోటారుది కాదు, కరెంటుదీ కాదు. ఆ పెట్టెకు కరెంటిచ్చే అడాప్టరు మీద చూస్తే ఇన్‌పుట్ 100 నుంచి 240 వోల్టులు అని రాసి ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న అడాప్టరు 170, 180 వోల్టులకు కూడా చలించదు. కానీ రెండు మూడేళ్లు రాత్రీపగలూ ప్లగ్గులో ఉండి, మన రోహిణీ కార్తె ఎండలు రెండు మూడు చూశాక లోపలి కెపాసిటరు, అంటే కరెంటును కాసేపు పట్టి ఉంచే భాగం, ఎండిపోతుంది. కరెంటు రెప్పపాటు తగ్గితే ఆ పాటి కూడా ఓర్చుకోలేదు. నా అడాప్టరు పట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది. కొత్తది 250 అయింది. ఆ కొత్త రూటరు ఇప్పటికీ బీరువా మీద ఉంది, పాపం దాని తప్పేం లేదు.

మీరు సాయంత్రం పూట ఎక్కువ అన్నారు కాబట్టి ఇది నాకు గట్టి అనుమానం. నెట్ పోయాక ఎవరూ ముట్టుకోకుండానే రెండు మూడు నిమిషాల్లో తిరిగి వస్తోందంటే పెట్టె రీస్టార్ట్ అవుతోందన్నమాట. పెట్టె అడుగున 12 వోల్టులు, 1 ఆంపియరు లాంటి లెక్క రాసి ఉంటుంది. అడాప్టరు వోల్టులు కచ్చితంగా అంతే ఉండాలి, ఆంపియర్లు అంతే గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉండొచ్చు, తక్కువ పనికిరాదు. పిన్ను కూడా సరిగ్గా దిగాలి, ప్లస్సు మైనస్సుల బొమ్మ రెండింటి మీదా ఒకటే ఉండాలి. ఎక్స్‌టెన్షన్ బోర్డులో ప్లగ్గు వదులుగా ఊగుతుంటే ముందు దాన్ని మార్చి గోడ సాకెట్లో పెట్టండి. ఇన్వర్టర్ ఉంటే, చాలా వాటికి వెనక యూపీఎస్ అని ఒక స్విచ్ ఉంటుంది. అటు పెడితే కరెంటు పోయినప్పుడు బ్యాటరీ మీదకు త్వరగా మారుతుంది. లేదంటే రూటర్ల కోసం చిన్న 12 వోల్టుల యూపీఎస్‌లు దొరుకుతున్నాయి, కోడలి ఉద్యోగానికి ఆ ఖర్చు దండగ కాదు. పెట్టెను టీవీ పక్క నుంచి తీసి గాలి తగిలేచోట పెట్టడం మాత్రం నోటుబుక్కు మొదలుపెట్టే ముందే, ఈ రోజే చెయ్యండి. దానిమీద లేసు గుడ్డ కప్పి పూలకుండీ పెట్టే అలవాటుంటే అదీ తియ్యాలి, ఇంట్లో మాట పడకుండా మీరే చూసుకోండి.

రెండో దారి: ఏ లైటూ మారదు. ఎర్రదీ వెలగదు, ఏదీ ఆరదు, పెట్టె పచ్చగా నవ్వుతూ ఉంటుంది, ఫోన్లో మాత్రం ఏమీ రాదు. ఇక్కడ నా వేలు మీ మనవడి వైపు చూపిస్తోంది. కుర్రాణ్ణి కోప్పడకండి, తొంభై శాతం సరిగానే చేశాడు.

ఇంట్లో ప్రతి ఫోన్‌కూ, ల్యాప్‌టాప్‌కూ వైఫైలో చేరగానే ఒక నంబరు ఇవ్వాలి. ఆ పని కింద ఉన్న పెట్టెది. దాన్ని డీహెచ్‌సీపీ అంటారు. పాత రూటరు కూడా ఒకప్పుడు ఇంకెక్కడో పెద్దగా బతికిందే కదా, దానికీ ఆ అలవాటు పోలేదు. ఒకే తరగతిలో ఇద్దరు మాస్టార్లు చెరో హాజరు పట్టీ పట్టుకుని రోల్ నంబర్లు ఇస్తున్నారనుకోండి. ఏ పిల్లవాడు ముందు ఎవరి కంట పడితే ఆ నంబరు. మొదటి మాస్టారి దగ్గర నంబరు తీసుకున్నవాడు పాసవుతాడు. రెండో ఆయన దగ్గర తీసుకున్నవాడికి బడిలో సీటుంది, బయటికి వెళ్లే గేటు మాత్రం దొరకదు. ఎందుకంటే ఆ రూటరుకు సొంతంగా బయటి లైనే లేదు. పైగా రెండు పెట్టెల సొంత నంబరూ 192.168.1.1 అయితే ఇద్దరు మాస్టార్ల పేరూ ఒకటే, ఇక చెప్పేదేముంది. తమాషా ఏమిటంటే, కింద హాల్లో ఉన్న మీ ఫోన్ కూడా వైరు గుండా మేడ మీది రూటరు దగ్గర నంబరు తీసుకుని దెబ్బతినొచ్చు. కాసేపు వైఫై ఆపి మళ్లీ ఆన్ చేస్తే మొదటి మాస్టారు దొరికి నెట్ వచ్చేస్తుంది. అందుకే ఇది దెయ్యం పట్టినట్టు ఉంటుంది.

తేల్చుకోవడం సులువు. నెట్ బాగున్నప్పుడు ఫోన్లో వైఫై పేరు మీద నొక్కి వివరాల్లో ఐపీ అడ్రస్, గేట్‌వే అనే రెండు నంబర్లు రాసుకోండి, గేట్‌వే అంటే ఆ బయటి గేటు నంబరు. పోయినప్పుడు మళ్లీ చూడండి. గేట్‌వే మారిపోయి 192.168.0.1 లాంటిది కనిపిస్తే దొంగ దొరికినట్టే. రెండు పెట్టెల సొంత నంబరూ ఒకటే అయితే ఈ పరీక్షలో దొరకడు, అప్పుడు కోడలికి సెలవున్న శని, ఆదివారాలు పై రూటరు ప్లగ్గు పీకేసి చూడండి. బాగు చెయ్యడానికి పది నిమిషాలు చాలు: పాత రూటరు పేజీలోకి వెళ్లి డీహెచ్‌సీపీ ఆపెయ్యాలి, దాని సొంత నంబరు 192.168.1.2 గా మార్చాలి, కింది నుంచి వచ్చిన వైరును రంగు వేరుగా ఉండే వ్యాన్ (బయటి లైను) రంధ్రంలో కాకుండా మామూలు ల్యాన్ రంధ్రాల్లో ఒకదానిలో పెట్టాలి. కొన్నింటిలో ‘యాక్సెస్ పాయింట్ మోడ్’ అని ఉంటుంది, అది ఎంచుకుంటే ఇవన్నీ అదే చేసుకుంటుంది, అప్పుడు వైరు ఏ రంధ్రంలో పెట్టాలో ఆ పేజీలో ఉందేమో చూడండి. మనవడికి ఈ పేరా చూపిస్తే చాలు. వైరు ఎలాగూ పైకి వెళ్లింది కాబట్టి, కోడలి ల్యాప్‌టాప్‌ను రూటరులోంచి ఇంకో వైరుతో నేరుగా తగిలిస్తే ఆఫీసు మీటింగులకు వైఫై గొడవే ఉండదు.

చిన్నాచితకా సంగతులు కొన్ని. రాత్రి ఎనిమిదింటికి నెట్ నెమ్మదిస్తే అది వేరు, వీధంతా ఒకే ఫైబరును పంచుకుంటుంది కాబట్టి అందరూ సినిమాలు పెడితే అలా ఉంటుంది. నెమ్మదించడాన్ని ‘పోయింది’ అని నోటుబుక్కులో రాయొద్దు. వైఫై పేరు చివర 5జీ అని రెండోది కనిపిస్తే అది ఫోన్ల 5జీ కాదు, 5 గిగాహెర్ట్జ్ అని. పెట్టె ఉన్న గదిలో అది వేగం, రెండు గోడలు దాటితే నీరసం. పాతకాలం మందపాటి గోడల ఇంట్లో దూరపు గదులకు మామూలు 2.4దే మేలు. వాట్సాప్ మెసేజీలు వస్తూ వెబ్‌సైట్లు మాత్రమే తెరుచుకోకపోతే అది డీఎన్ఎస్ (వెబ్‌సైటు పేరుకు నంబరు వెతికిపెట్టేది) తేడా, సెట్టింగుల్లో 8.8.8.8 పెట్టి చూడమనండి.

పెట్టె వెనక సూది దూరేంత రంధ్రం ఒకటి ఉంటుంది, రీసెట్ అని. దాని జోలికి వెళ్లొద్దు, వెళ్లనివ్వొద్దు. పది సెకన్లు నొక్కితే కంపెనీ వేసిన యూజర్ నేమ్, పాస్‌వర్డ్ అన్నీ చెరిగిపోయే పెట్టెలే ఎక్కువ. అప్పటిదాకా రోజుకు నాలుగైదు సార్లు పోయే నెట్, లైన్‌మన్ వచ్చేదాకా అసలు రాదు.

ఇక వరస. మొదటి వారం నోటుబుక్కు మాత్రమే. తర్వాత శని, ఆదివారాలు పై రూటరు ఆపడం. ఆ తర్వాతే అడాప్టరు మార్చడం. ఒకేసారి రెండు మార్చొద్దు, ఏది పనిచేసిందో తెలీకుండా పోతుంది; ఒక సమీకరణంతో రెండు అవ్యక్తాలు తేలవని మీరే ఎంతమందికి చెప్పుంటారు. అడాప్టరు కొనేముందు పాత రూటరుది ఏం రాసి ఉందో చూడండి, అది కూడా 12 వోల్టులై, ఆంపియర్లు చాలి, పిన్ను సరిపోతే రెండు రోజులు దాన్నే కింద పెట్టి చూడొచ్చు. చాలా చిన్న రూటర్లవి 9 వోల్టులు ఉంటాయి, అలాగైతే వద్దు.

నోటుబుక్కులో ఎర్ర లైటు వెలిగిన సార్లే ఎక్కువైతే కంపెనీకి ఫోన్ చేసి ఫిర్యాదు డాకెట్ నంబరు తీసుకోండి. నంబరు లేని ఫిర్యాదు చెయ్యనట్టే లెక్క. లైన్‌మన్‌కు నేరుగా ఫోన్ చేస్తే పని అవుతుంది గానీ రికార్డు ఉండదు. ఆ నంబరు మీద పని జరగకపోతే అదే కంపెనీలో అప్పిలేట్ అథారిటీ అని పైమెట్టు ఉంటుంది, అక్కడికి ఉచితంగానే అప్పీలు చేసుకోవచ్చు. ట్రాయ్ (టెలికాం నియంత్రణ సంస్థ) నిబంధనల్లో ఉన్నదే ఇది. నేరుగా ట్రాయ్‌కే రాస్తే వాళ్లు ఒక్కొక్కరి ఫిర్యాదు పట్టించుకోరు, మళ్లీ కంపెనీకే పంపుతారు.

లైన్‌మన్ నాలుగోసారి వచ్చినప్పుడు ఆఫ్-ఆన్ చెయ్యనివ్వకండి. నోటుబుక్కు చేతిలో పెట్టి, కాఫీ ఇచ్చి, “మీటరు పెట్టు అబ్బాయ్, అంకె చూపించు” అనండి. వాళ్ల దగ్గర వెలుతురు కొలిచే పవర్ మీటరు ఉంటుంది. ఆ అంకెను తేదీ వేసి అదే పేజీలో రాసుకోండి. వైరు బాగుండి, అడాప్టరు బాగుండి, పై రూటరు తప్పు లేకుండా ఇంకా పోతోందంటే అప్పుడు పెట్టెదే తప్పు. అప్పటికీ మీరు కొనక్కర్లేకపోవచ్చు మాస్టారూ. కనెక్షన్ పెట్టిన రోజు ఇచ్చిన రసీదు వెతకండి. దానిమీద పెట్టెకు డిపాజిట్ అని గానీ అద్దె అని గానీ ఉంటే ఆ పెట్టె వాళ్లది, మార్చాల్సిందీ వాళ్లే.